కాలు జారినవాడు – నోరు జారినవారు

ఆటలో ఓటమి కలిగినప్పుడెల్ల ఒక దోషిని వెదకి పట్టుట మనవారికి పరిపాటి యైపోయినది. పదునొకండుగురు కలిసి ఆడిన ఆటలో పదునొకండుగురును కలిసియే ఓడుదురు. కాని మరునాటి యుదయమున పఠనమందిరములలోను, కాఫీ హోటళ్లలోను, ఉప్పలు చౌరస్తాలోను జరుగు విచారణలో బోనులో నిలువబడువాడు మాత్ర మొక్కడే. అభియోగము తెచ్చువారు, సాక్ష్యము పలుకువారు, తీర్పు చెప్పువారు, శిక్ష నమలు జరుపువారు అందరును ఆ జనమే. నిందితునకు నోరు విప్పు నవకాశము లేదు, అప్పీలు లేదు, గడువు లేదు. దొంగతనము చేసి పట్టుబడినవానికైనను మన న్యాయస్థానములలో ఒక వకీలు దొరకును. బంతి నొకదానిని గురి తప్పి విసరినవానికి ఆ పాటి భాగ్యము కూడ లేకపోయినది.

ఇట్టి వీధి విచారణలలో మన నగరమునందు పలుమారులు బోనెక్కింపబడిన యువకుడు మహమ్మదు సిరాజు. ఆతని పక్షమున నాలుగు మాటలు చెప్పుట మా విధియని తలంచి ఇది వ్రాయుచున్నాము. ఆతడు గొప్పవాడని పొగడుట మా యుద్దేశము గాదు. గెలిచిన దినమున పొగడువారికి కొదువ లేదు. ఆ పొగడిన నోళ్లనుండియే అంతకుముందు ఏ మాటలు వెలువడినవో జ్ఞప్తికి దెచ్చుటయే మా యుద్దేశము.

సిరాజు 1994 మార్చి 13వ తేదీన ఈ నగరముననే జన్మించెను. తండ్రి మహమ్మదు గౌసు ఆటో నడిపి సంసారమును పోషించినవాడు. ఫస్టు లాన్సరు ప్రాంతమునందు టెన్నిసు బంతితో ఆడుచు పెరిగిన ఈ బాలునకు చిన్ననాడు గురువు లేడు, శిక్షణాలయము లేదు. ఉన్నదెల్ల వేగముగా పరుగెత్తు కాళ్లును, కొడుకు ఆటను మాన్పింపని తండ్రియును మాత్రమే. 2015 నవంబరులో రంజీ పోటీలయందు హైదరాబాదు పక్షమున ప్రవేశించి, 2016–17లో 41 వికెట్లు పడగొట్టెను. 2017లో జరిగిన ఐ.పి.యల్. వేలములో 20 లక్షల కనీసపు ధర గల ఈతనిని మన సన్‌రైజర్సు జట్టువారు 2 కోట్ల 60 లక్షలకు దీసికొనిరి. తల్లిదండ్రుల కొక మంచి యిల్లు సమకూర్చవలెనన్నదే అప్పుడాతడు చెప్పుకొనిన మొదటి కోరిక.

అటు పిమ్మట బెంగళూరు జట్టునకు పోయెను. 2019వ సంవత్సరము ఆతనికి కీడుకాలము. ఆ సంవత్సరపు ఐ.పి.యల్. ఆటలలో ఆతనికి దక్కిన వికెట్లు 7 మాత్రమే. ఏప్రిలు 5వ తేదీన బెంగళూరులో కలకత్తా జట్టుతో జరిగిన ఆటలో నడుమునకు మించిన యెత్తున రెండు బంతులు విసరినందున నిబంధన ప్రకారము ఆతనిని బౌలింగునుండి తొలగించిరి. 205 పరుగులు చేసియు బెంగళూరు జట్టు ఓడిపోయెను. అప్పుడు జనము పలికిన మాటల నాతడే తరువాత నొక సంభాషణలో బయటపెట్టినాడు. ఆట మానివేసి తండ్రితోపాటు పోయి ఆటో నడుపుకొమ్మని వారు హెచ్చరించిరట!

పాఠకులారా! ఈ మాటను కొంచెము నిలిచి విచారింపుడు. ఇది బౌలింగును గూర్చిన విమర్శ యగునా? బంతి ఎచ్చట పడవలసినదో, ఎచ్చట పడినదో ఇందులో ఎచ్చటనైన నున్నదా? ఇది ఒక మనుష్యుని పుట్టుకను, ఆతని తండ్రి చేసిన కష్టమును ఎత్తి పొడుచుట గాక మరేమి? ఉప్పలు మెట్రో స్టేషనువద్ద దిగి నాచారము పోవలసిన మన పెద్దమనుష్యుని అర్ధరాత్రివేళ ఇంటికి జేర్చువాడు ఆటోవాడే. ప్రసవవేదన పడు కోడలిని ఆసుపత్రికి జేర్చువాడును ఆటోవాడే. నాచారము కార్ఖానాలలో మూడు షిఫ్టులు పనిచేయు కూలివాని పిల్లలను బడికి దింపువాడును వాడే. ఆ వృత్తి సిగ్గుపడదగిన వృత్తియా? ఆటో నడుపుటను శిక్షగా విధించినవారు తాము తిట్టినది ఒక క్రీడాకారుని ననుకొనిరి. యథార్థముగా ఈ నగరమున చెమటోడ్చి బ్రతుకు వేలకొలది కుటుంబములను తిట్టిరి. ఆ తిట్టు విన్న ఆటోవాని కొడుకు రేపు బంతి పట్టుటకు మైదానమునకు వచ్చునా?

సిరాజు దానికి మాటతో బదులు పలుకలేదు. జనుల మాటలు చెవిని బెట్టవద్దని, నేడు తిట్టినవారే రేపు పొగడుదురని, మహేంద్రసింగు ధోనీ తనకు చెప్పెనని ఆతడే తెలిపినాడు. మరుసటి సంవత్సరము, 2020 అక్టోబరు 21వ తేదీన, అబూదాబీలో, ఆ కలకత్తా జట్టుమీదనే 4 ఓవర్లలో 8 పరుగులిచ్చి 3 వికెట్లు దీసెను. అందు రెండు ఓవర్లలో ఒక్క పరుగైన రానీయలేదు. ఒకే ఆటలో రెండు ఓవర్లిట్లు వేసినవాడు ఆ పోటీల చరిత్రలో అంతకుముందు లేడు.

ఒక్క నెల గడచినది. సిరాజు భారత జట్టుతో ఆస్ట్రేలియాకు పోయి సిడ్నీలో మహమ్మారి నిబంధనలవలన ఏకాంతవాసమున నుండగా, నవంబరు 20వ తేదీన ఇచ్చట తండ్రి మరణించెను. క్రికెట్టు బోర్డువారు కోరినచో ఇంటికి పోవచ్చుననిరి. పోయినచో తిరిగి వచ్చుట కష్టము. కొడుకు దేశము తరపున ఆడవలెనన్నది తండ్రి కోరిక గనుక ఆతడు నిలిచిపోయెను. గదిలో నొంటరిగా దుఃఖించినవాడు డిసెంబరు 26న మెల్‌బోరనులో మొదటి టెస్టు ఆడెను. జనవరిలో సిడ్నీ మైదానమున ప్రేక్షకులు కొందరు ఆతనిని నీచముగా దూషింపగా అంపైరులకు తెలియజేసెను. ఆట కొంతసేపు నిలిచెను. ఆరుగురిని మైదానమునుండి పంపివేసిరి. బ్రిస్బేనులో రెండవ ఇన్నింగ్సున 73 పరుగులకు 5 వికెట్లు దీసెను. 2021 జనవరి 19న భారతము ఆ టెస్టును, సిరీసును గెలిచెను. ఆ పర్యటనలో 13 వికెట్లు దీసి మన బౌలరులలో ముందు నిలిచినవా డీతడే. హైదరాబాదునకు తిరిగి వచ్చిన దినమున విమానాశ్రయమునుండి ఇంటికి గాక నేరుగా తండ్రి సమాధి కడకు పోయెను.

విదేశీయులు దూషించినప్పుడు మనమందరము మండిపడితిమి. మంచిదే. కాని సిడ్నీ గ్యాలరీనుండి వచ్చిన తిట్టు పాపమైనప్పుడు, మన వీధినుండి వచ్చిన తిట్టు అభిమానమెట్లగును? పరాయివాడు రంగును జూచి తిట్టెను. మనవాడు తండ్రి వృత్తిని జూచి తిట్టెను. ఈ రెండింటికిని గల భేదమును మాకు తెలియజెప్పగల వారెవ్వరైన నున్నారా?

ఉప్పలు మైదానము కథ వినుడు. 2005 నవంబరులో మొదటి అంతర్జాతీయ పందెమునకు వేదికయైన ఈ మైదానము సిరాజు విషయమున మూడు సాక్ష్యములు పలికినది. 2023 జనవరి 18న న్యూజిలాండుతో ఆట. 350 పరుగుల లక్ష్యమును బ్రేస్‌వెల్ 140 పరుగులతో దాదాపు చేరుకొనుచుండగా సిరాజు వరుసగా రెండు బంతులలో ఇద్దరిని పడగొట్టెను. మొత్తము 46 పరుగులకు 4 వికెట్లు. భారతము 12 పరుగులతో గట్టెక్కెను. ఇది మొదటి సాక్ష్యము. 2024 జనవరిలో ఇంగ్లండుతో టెస్టు. మొదటి ఇన్నింగ్సులో 190 పరుగుల ఆధిక్యము సంపాదించియు మనవారు 28 పరుగులతో ఓడిరి. ఆ ఆటలో సిరాజునకు ఒక్క వికెట్టును దక్కలేదు. పైగా కడపట స్టంపింగయినవా డాతడే. ఇది రెండవది. 2025 ఏప్రిలు 6న గుజరాతు జట్టు పక్షమున వచ్చి, నారింజరంగు జెండాలతో నిండిన ఈ మైదానముననే, సన్‌రైజర్సు జట్టుమీద 4 ఓవర్లలో 17 పరుగులకు 4 వికెట్లు దీసెను. ఇది మూడవది. ఒకే మైదానము, ఒకే మనుష్యుడు. ఒకనాడు వీరుడు, ఒకనాడు శూన్యహస్తుడు, ఒకనాడు ప్రతిపక్షి. నడిమి దినమును మాత్రమే చూచి తీర్పు వ్రాసినవాడు న్యాయమెరిగినవా డగునా?

ఇక ఇంగ్లండు పర్యటన. 2025 జూలై 14న లార్డ్సు మైదానమున 193 పరుగుల లక్ష్యమునకు 147 వద్ద తొమ్మిదవ వికెట్టు పడెను. జడేజాతో గూడి కడపటివాడైన సిరాజు 30 బంతుల నెదుర్కొనెను. చివరకు బషీరు వేసిన బంతిని బ్యాటు నడుమ నడ్డగించియు, అది నేలబడి వెనుకకు దొర్లి వికెట్టును తాకగా, 22 పరుగులతో ఓటమి కలిగెను. నేలపై కూలబడిన ఆతనిని ప్రత్యర్థులే వచ్చి ఓదార్చిరి. ప్రత్యర్థికి కలిగిన ఆ జాలి మనవారిలో పలువురికి కలుగలేదు.

ఆగస్టు 3వ తేదీన ఓవలు మైదానములో హారీ బ్రూకు 19 పరుగుల వద్ద నున్నప్పుడు కొట్టిన బంతిని సిరాజు బౌండరీయొద్ద పట్టెను. పట్టియు వెనుకకు పెట్టిన అడుగు సరిహద్దును తాకెను. ఔటు కావలసినది 6 పరుగులైనది. బ్రూకు 111 పరుగులు చేసెను. ఆ రాత్రి సిరాజునకు కలిగిన వేదన యెట్టిదో ఊహింపవచ్చును. మరునాటి యుదయమున ఇంగ్లండునకు కావలసినవి 35 పరుగులు మాత్రమే. చేతిలో నున్నవి 4 వికెట్లు, అందొకడు గాయపడినవాడు. ఆ నాలుగింటిలో మూడు సిరాజు దీసెను. ఇన్నింగ్సులో 104 పరుగులకు 5 వికెట్లు. భారతమునకు 6 పరుగులతో విజయము. సిరీసు 2–2తో సమానము. ఆ అయిదు టెస్టులను ఆడిన మన వేగపు బౌలరు ఆతడొక్కడే. వేసిన బంతులు 1,113. తీసిన వికెట్లు 23. ఉభయపక్షములలో అంతకు మించి తీసినవాడు లేడు.

మన పెద్దలు చెప్పిన సామెత కలదు: కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనలేము. ఓవలులో సిరాజు కాలు జారినది. ఒక్క రాత్రి గడచునంతలో దానిని తీసికొనెను. ఆతనిపై నోరు జారినవారు తమ మాట నెట్లు తీసికొందురు? మరునాడు పూలదండ వేసినంత మాత్రమున తీసికొన్నట్లగునా?

ఇచ్చట ప్రతిపక్షపు వాదమును గూడ వినవలెను; వినక తీర్పు చెప్పుట మేము ఖండించు దోషమే గదా. టిక్కెట్టు కొన్నవానికి మాటాడు హక్కు లేదా యని కొందరడుగుదురు. కలదు. ఆట బాగుగ నాడనివానిని బాగుగ నాడలేదని చెప్పుట ప్రేక్షకుని హక్కు మాత్రమే గాదు, ఆటకు మేలు చేయు పని. సిరాజునందు దోషములు లేవని మేము వాదింపము. 2024 డిసెంబరులో అడిలైడునందు ట్రావిసు హెడ్డుతో కలహించి అపరాధ రుసుము చెల్లించెను. లార్డ్సులో డకెట్టును ఔటు చేసిన పిదప హద్దు మీరినందుకు మరల చెల్లించెను. బంతి పాతబడిన పిదప ఆతని బలము తగ్గుచున్నదని నాయకుడు రోహితు శర్మ చెప్పగా 2025 ఛాంపియన్సు ట్రోఫీ జట్టులో ఆతనికి చోటు దొరకలేదు. ఇది విమర్శ. ఇందు బంతి యున్నది, ఓవరున్నది, కారణమున్నది; తండ్రి లేడు, మతము లేదు, వృత్తి లేదు. అట్టి విమర్శకు సిరాజు ఎట్లు బదులు చెప్పెను? శరీరమును, బౌలింగును సవరించుకొని ఏప్రిలులో ఉప్పలునందు బంతితో బదులు చెప్పెను. సకారణమైన విమర్శ ఆటగానిని సవరించును. దూషణ ఎవ్వరిని సవరించినదో మేమెరుగము.

వేగపు బౌలింగు ఎట్టి పనియో కూడ తెలిసికొనవలెను. ప్రతి బంతికిని దూరమునుండి పరుగెత్తి వచ్చి, శరీరపు బరువునంతయు ఒక్క కాలిపై మోపి, నడుమును విల్లువలె వంచి విసరవలెను. ఇట్లు వేయికి పైగా బంతులు ఆరు వారములలో! అందు ఒకటి అర జానెడు పొట్టిదైనచో బౌండరీ దాటును. బ్యాటుపట్టినవాడు చేసిన తప్పు ఆతనిని గుడారమునకు పంపి మరుగుపరచును. బౌలరు చేసిన తప్పు ఎదుటివారి పరుగుల పట్టికలో అందరికి గన్పడునట్లు నిలుచును. అందునను 20 ఓవర్ల ఆటలో కడపటి ఓవర్లు వేయువాడు దాదాపు ఓడుటకే నియమింపబడినవాడు. ఇది యెరిగినవాడు తిట్టుటకు ముందు ఒక క్షణము తటపటాయించును.

కాలిబంతి యాటలో మన నగరపు పూర్వవైభవమును వృద్ధులెరుగుదురు. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 తో చిత్తుగ నోడెను. పలువురు వట్టికాళ్లతో నాడిరి. ఆ జట్టునకు శిక్షకుడు మన హైదరాబాదువాడగు సయ్యదు అబ్దుల్ రహీము. ఆ దినమున జనవాక్యము ననుసరించి ఆయనను వెళ్లగొట్టియుండినచో ఏమయ్యెడిది? 1956 మెల్‌బోరను ఒలింపిక్సులో నాలుగవ స్థానముండెడిది కాదు. 1962 జకార్తాలో, మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో ఓడియు, అంతిమమున ఆ కొరియానే, ప్రతికూలురగు ప్రేక్షకులు ఊళలు వేయుచుండగా 2–1 తో గెలిచి దెచ్చిన ఆసియా స్వర్ణపతకమును ఉండెడిది కాదు. అప్పటికే రహీము వ్యాధిగ్రస్తుడు. మరుసటి సంవత్సరమే కాలధర్మము నొందెను. పది గోలుల ఓటమిని సహించిన దేశమునకు పదేండ్లలో స్వర్ణము దక్కినది. ఓర్పునకు ఫలమిది.

ఓర్పు లేనిచోట ఏమి జరుగునో గూడ లోకము చూచినది. 1950 జూలై 16న ప్రపంచ కప్పు నిర్ణాయకమగు ఆటలో ఉరుగ్వే చేతిలో ఓడిన బ్రెజిలు తన గోలుకీపరగు బార్బోసాను 2000లో ఆతడు మరణించువరకు క్షమింపలేదు. హంతకునకైనను శిక్షకు గడువున్నది, ఆతనికి లేకపోయెను. 1994లో కొలంబియా క్రీడాకారుడు ఎస్కోబారు పొరపాటున తన గోలులోనికే బంతిని మళ్లించెను; పదిదినములకు స్వదేశములో తుపాకి గుండ్లకు బలియయ్యెను. 2021 జూలైలో యూరోపు కప్పు అంతిమమున పెనాల్టీలు తప్పిన ముగ్గురు నల్లజాతి ఆంగ్ల యువకులు – రాష్‌ఫర్డు, సాంచో, సాకా – స్వజనుల జాతిదూషణకు గురియైరి. ఆ సంవత్సరపు అక్టోబరులో దుబాయియందు పాకిస్తాను చేతిలో భారతము 10 వికెట్లతో ఓడినప్పుడు, బంతి పట్టినవారిలో ఎవ్వరికిని వికెట్టు దొరకకున్నను, దేశద్రోహియని దూషింపబడినవాడు మహమ్మదు షమీ యొక్కడే. మతమును బట్టి మనుష్యుని నిందించుట నీచాతినీచమని నాయకుడు విరాటు కోహ్లీ బహిరంగముగ చెప్పి తన తోడివానిని కాపాడెను. నాయకుడన నట్లుండవలెను.

ఈ దూషణకు వెనుక నున్న మరియొక కారణమును మరుగుపరచము. కేకలు వేయువారిలో కొందరు ఆటను ప్రేమించి గాక, ఆటపై పందెము కాసి ధనము పోగొట్టుకొని కేకలు వేయువారు. డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను పందెములను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టము చేసి నిషేధించినది. చట్టము మంచిదే. కాని తన జేబునకు పడిన చిల్లును దేశాభిమానమని పేరుపెట్టి ఒక యువకునిపై విసరు స్వభావమును ఏ చట్టమును మాన్పజాలదు. దానిని మాన్పవలసినది లోకాభిప్రాయము. లోకాభిప్రాయమన మనమే గదా.

అందుచేత మా ప్రార్థన యిది. మొదట, ఆటగాని తప్పును జెప్పునప్పుడు ఆటనే చెప్పుడు. ఆతని ఇల్లు, తండ్రి, మతము, వృత్తి మీ నాలుకకు హద్దు దాటిన విషయములని యెంచుడు. ఓవలులో సిరాజునకు బౌండరీ యున్నట్లు మనకును ఒక బౌండరీ కలదు. రెండవది, ఒక ఆటను జూచి తీర్పు వ్రాయకుడు. ఉప్పలు మైదానపు మూడు సాక్ష్యములను గలిపి చదువుడు. మూడవది, గెలిచిన దినమున దేవుని జేయుట మానుడు. మరునాడు దయ్యమును జేయువారు ముందునాడు దేవుని జేసినవారే. 2024లో ప్రపంచ విజేతలతో వచ్చిన సిరాజును మెహదీపట్టణమున ఊరేగించితిమి. ప్రభుత్వము ఇంటిస్థలమును, పోలీసు డి.యస్.పి. పదవిని ఇచ్చెను, ఆ పదవి పేరునే తరువాత పరిహాసమునకు వాడుకొన్నవారును మనలో నుండిరి.

2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్పు అంతిమమున సిరాజు ఒకే ఓవరులో నలుగురిని పడగొట్టి, 21 పరుగులకు 6 వికెట్లు దీసి, శ్రీలంకను 50 పరుగులకు కూల్చెను. ఆ దినపు బహుమతి 5,000 డాలర్లను ఆతడు వానలో తడిసి మైదానమును కాపాడిన పనివాండ్ర కిచ్చివేసెను. ఆటోవాని కొడుకని ఎత్తిపొడిచినవారికి ఆతడిచ్చిన ప్రత్యుత్తరములలో మేము మిక్కిలి గౌరవించునది ఇదియే. కష్టపడువాని విలువ కష్టపడువాని బిడ్డకు తెలిసినట్లు, టిక్కెట్టు కొని గట్టున కూర్చున్నవానికి తెలియలేదు.

నాచారము, మల్లాపురము బస్తీలలో ఈ సాయంకాలము గూడ పిల్లలు ఇటుకలను వికెట్లుగా నిలిపి ఆడుచుందురు. అందొకడు బంతి గురితప్పి విసరును. ఒకడు క్యాచి వదలును. చుట్టు నిలిచిన పెద్దలు వారితో ఏమందురో, ఆ మాటను బట్టియే రేపటి సిరాజులు ఈ గడ్డపై పుట్టుటయో, పుట్టకపోవుటయో నిర్ణయమగును. నోరు మంచిదైన ఊరు మంచిదగును. మన ఊరు మంచిదనిపించుకొను భారము మననోటిపై నున్నది.